సీసా మీద పేరు

"నువ్వు కాసేపు బయటికెళ్ళి నిలబడు షీబా. సాల్టు నేను పెడతా," అన్నాడు ఈశ్వరప్రసాద్.

షీబా చేతిలో గుడ్డ బల్ల మీద పెట్టి బయటికి నడిచింది. గుడివాడలో ఆ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో పంతొమ్మిదేళ్ళుగా, పిల్లలు పరీక్ష చేసి పేరు కనిపెట్టాల్సిన సాల్టులు పెట్టింది ఆమె. టెస్ట్‌ట్యూబులు కడిగిందీ, యాసిడ్లు పోసిందీ, సీసాలకి పేర్లు అంటించిందీ ఆమే. డిపార్ట్‌మెంటు హెడ్డు ఈశ్వరప్రసాద్ గారు ఆ బీరువా తలుపు తీసి పదేళ్ళు దాటింది. తాళంచెవి ఏ మేకుకి ఉంటుందో తెలీక లోపల్నుంచి కేకేసి మరీ ఆమెనే అడిగాడు. చెప్పింది.

"నువ్వే పెట్టుకుని నువ్వే కనిపెట్టావని రేపు ఎవడన్నా అంటాడు. అంతా పద్ధతిగా ఉండాలిగా."

పద్ధతట. వినడానికి బాగానే ఉంది. పాత ల్యాబ్ అసిస్టెంటు రిటైరై రెండేళ్ళయింది. ఆ రెండేళ్ళూ ఆయన పనంతా షీబా చేతే చేయించుకున్నారు, అటెండరని పిలుస్తూనే. ఇప్పుడు పోస్టు వేశారు. బియస్సీ ఉండాలన్నారు. షీబాకి ఉంది. నలభై దాటాక దూరవిద్యలో చేరి, మూడేళ్ళు ప్రతి ఆదివారం బందరులో స్టడీ సెంటరుకి వెళ్ళి చదివిన బియస్సీ. చర్చిలో అత్తగారు ప్రేమమ్మ పక్కన తన చోటు మూడేళ్ళు ఖాళీగా ఉంచి, "ఆదివారం దేవుడిది కదమ్మా, నీ పుస్తకాలది కాదుగా" అని పది మంది చేత అనిపించుకుని తెచ్చుకున్న కాగితం అది. ఈ గురువారం పరీక్షలో గెలిస్తే ఆ కాగితానికి ఒక అర్థం. లేకపోతే అత్తగారి బీరువాలో చీరల కింద వేసుకోవడానికి పనికొస్తుంది.

వరండాలో దుర్గారావు ఫోను చూసుకుంటున్నాడు. ఎమ్మెస్సీ చేశాడు. హెడ్డు గారి తోడల్లుడి కొడుకు. పోస్టుకి వచ్చిన రెండో మనిషి అతనే.

"ఆంటీ, ఏప్రన్ ఒకటి ఉంటే ఇస్తారా, తెచ్చుకోలేదు," అన్నాడు తలెత్తకుండా.

"అటెండర్లకి ఏప్రన్లు ఇవ్వరు బాబూ," అంది షీబా. చీర చెంగు నడుముకి బిగించుకుంది.

పావుగంటకి పిలిచారు. రెండు బల్లలు, రెండు పొట్లాలు, ఇద్దరికీ ఒకటే సాల్టు. ముప్పావుగంట టైము. షీబా పొట్లం విప్పింది. తెల్లపొడి. చిటికెడు వాచ్‌గ్లాసులో వేసి, చుక్క హైడ్రోక్లోరిక్ యాసిడ్ కలిపి ముద్ద చేసింది. బర్నర్ వెలిగించి గాలి రంధ్రం తిప్పి మంటని నీలంగా నిలబెట్టింది. గాజు కడ్డీ కొసకి ఆ ముద్ద అంటించి మంట అంచుకి పట్టింది.

ఆకుపచ్చ. పచ్చి జామకాయ రంగు.

కడ్డీ తీసి, తుడిచి, ఇంకోసారి పట్టింది. మళ్ళీ అదే పచ్చ. అంటే బేరియం. ఆమె చెయ్యి ఆగిపోయింది, అనుమానంతో కాదు. బేరియం అని పేరున్న సీసా ఆ బీరువాలో లేదు. ఈ పొడి ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకి తెలుసు.

ఆరేళ్ళ కింద స్ట్రాన్షియం నైట్రేట్ అయిపోయింది. తెప్పించండి సార్ అని రెండు సార్లు చెప్పింది. "బేరియం రెండు సీసాలున్నాయిగా, ఒకటి దాన్లో పోసెయ్. తెల్లగానే ఉంటుందిగా, ఎవడు చూస్తాడు," అన్నాడు ఈశ్వరప్రసాద్. పోసింది. ఎవడూ చూడలేదు. మిగిలిన ఆ రెండో బేరియం సీసా కూడా తర్వాత అయిపోయింది. ప్రాక్టికల్స్‌లో పిల్లలు ఆమె చుట్టూ మూగి "ఆంటీ, నా సాల్టేంటి" అని అడగడం, ఆమె సీసా మీద పేరు చెవిలో చెప్పడం, వాళ్ళు పుస్తకంలో చూసి మంట ఎర్రగా వచ్చిందని రాయడం, బయటినుంచి వచ్చిన ఎగ్జామినరు బిరియానీ తిని మార్కులు వెయ్యడం. ఆరేళ్ళుగా ఎందరో పిల్లలు ఆకుపచ్చని ఎరుపని రాసి పాసైపోయారు. ఆ కాలేజీలో అది ఆచారం. సాల్టు చెప్పడం అటెండరు డ్యూటీ.

ఇప్పుడు హెడ్డు గారు సీసా మీద పేరు చూసి పెట్టాడు. ఆయన దగ్గరున్న జవాబు స్ట్రాన్షియం. షీబా అదే రాస్తే ఆయన కాదనలేడు. అంత సులువు.

పక్క బల్ల వైపు చూసింది. దుర్గారావు బర్నరు వెలిగించలేదు. అగ్గిపెట్టె విప్పనే లేదు. పొట్లం కూడా విప్పకుండా రెండు పేజీలు రాసేశాడు.

షీబా కడుపులోంచి ఒక మంట లేచింది. దాని రంగేమిటో ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు. మూడేళ్ళ ఆదివారాలు సీసా మీద పేరు రాయడానికా వెళ్ళింది? మిగతా పరీక్షలన్నీ చేసింది. ఉంగరం పరీక్షకి గోధుమ రంగు వలయం వచ్చింది, నైట్రేట్. పొటాషియం క్రోమేట్ పోస్తే పసుపు పొడి అడుక్కి దిగింది, బేరియం. అనుమానానికి చోటు లేదు. చూసింది చూసినట్టు రాసి, కింద 'బేరియం నైట్రేట్' అని పెట్టి రెండు గీతలు గీసింది.

ప్రిన్సిపాల్ బాబూరావు గారి గదిలో దుర్గారావుకి కుర్చీ వేశారు. షీబా నిలబడింది. ఆమెకి కుర్చీ వెయ్యాలని అక్కడ ఎవరికీ తట్టలేదు. వేసే మనిషి ఆమే కాబట్టి.

ఈశ్వరప్రసాద్ దుర్గారావు పేపరు పైకి చదివాడు. "స్ట్రాన్షియం నైట్రేట్. ఫ్లేము టెస్టులో క్రిమ్సన్ రెడ్. కరెక్టు." తర్వాత షీబా పేపరు తీసి, జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, బేరియం అన్న మాట చుట్టూ నింపాదిగా సున్నా చుట్టాడు. "మంట రంగు కూడా పోల్చలేకపోయింది సార్. పంతొమ్మిదేళ్ళ ఎక్స్‌పీరియన్సు అంటారే, ఇదీ సంగతి. ఇంట్లో కూర్చుని చదివిన డిగ్రీలు ఇలాగే ఉంటాయి."

"నేను ఇంట్లో కూర్చోలేదండి," అంది షీబా. "సార్, ఒక్కసారి బర్నరు వెలిగించి చూడండి. రెండు నిమిషాల పని."

"సీసా మీద పేరు చూసి పెట్టింది నేను. నాకు తెలీదా?"

"పేరు సరే సార్. లోపల ఉన్నది…"

"లోపల వేరేది ఉందంటావా? అంటే సీసాలు మార్చావన్న మాట." ఈశ్వరప్రసాద్ ప్రిన్సిపాల్ వైపు తిరిగాడు. "నోట్ చేసుకోండి సార్. స్టాక్ తారుమారు చేశానని తనే ఒప్పుకుంటోంది. ఉన్న ఉద్యోగం సంగతి కూడా చూడాలేమో."

పొయ్యమన్న మనిషే అడుగుతున్నాడు ఎందుకు పోశావని. పక్కన సాక్షి లేడు, చేతిలో కాగితం లేదు.

బాబూరావు గారు చెడ్డమనిషి కాదు. ఏ మాటా తన మీదికి రాకుండా చూసుకోవడం ఒక్కటే ఆయనకి తెలిసిన విద్య. గోడ గడియారం చూసి, "చదువుకోడానికి మేనేజ్‌మెంటు పర్మిషన్ తీసుకున్నావా అమ్మా?" అని అడిగాడు. అది మంటకి సంబంధించిన ప్రశ్న కాదు గనక ఆయనకి సుఖంగా ఉంది.

"అడిగానండి. సార్నే అడిగాను. 'చదువుకో, పోస్టు పడితే నీకే' అన్నారు."

"రాతపూర్వకంగా ఉందా?" అన్నాడు ఈశ్వరప్రసాద్.

షీబా ఆయన మొహంలోకి చూసింది. ఆ మాట అన్న రోజు ఆయన చేతిలో ఆమె తెచ్చిన టీ గ్లాసుంది. "లేదండి," అంది.

"మరింకేం," అన్నాడాయన. "మంగళవారం కమిటీ మీటింగు. ఆర్డరు అప్పుడు ఇస్తారు. సోమవారం ప్రాక్టికల్స్ ఉన్నాయి కాబట్టి దుర్గారావు ఎల్లుండి నుంచే వచ్చేస్తాడు. ఏది ఎక్కడుందో చూపించు. నువ్వు కొత్తగా నేర్చుకోవాల్సిన పనేం లేదు, ఉన్న పనే."

సాయంత్రం ప్యాసింజర్లో బందరు దిగి ఇంటికొచ్చేసరికి మొగుడు యేసుదాసు ఐసు బండి కడుగుతున్నాడు. గిలకలదిండి రేవులో బోట్లకి ఐసు తోలతాడతను. పైపు పక్కన పడేసి, "ఏమైంది?" అన్నాడు. చెప్పింది. మొత్తం విని పైపు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

"ఎర్రగా ఉందని రాస్తే ఏం పోయేదే నీకు?"

"పచ్చగా ఉంది."

"పచ్చగా ఉందని నీకు తెలుసు. వాళ్ళకి కావాల్సింది ఎరుపని కూడా తెలుసు. ఉద్యోగం తెచ్చుకుని ఆ తర్వాత ఎంత పచ్చగా కావాలంటే అంత పచ్చగా రాసుకోవచ్చుగా."

"వేలంలో చేప చచ్చి మూడు రోజులైందనుకో. వాడు ఇవాళ్టిదంటే నువ్వు ఒప్పుకుంటావా?"

"ఒప్పుకోను. కానీ వాడితో పనుంటే మొహమ్మీద చెప్పను," అన్నాడు యేసుదాసు. లోకజ్ఞానం మాటే. కాదనడానికి లేదు. అందుకే షీబాకి ఒళ్ళు మండింది.

"చదవకముందు ఇదే మాట నాకూ తోచేది. అప్పుడు వాళ్ళు చెప్పింది చెప్పినట్టు పిల్లల చెవిలో ఊదాను, నిద్ర పట్టింది. ఇప్పుడు పట్టదు. చదివించావుగా, అనుభవించు."

"నేను చదివించానా? నేను స్టడీ సెంటరు దగ్గర దింపానంతే," అన్నాడతను. చివరికి ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎంతో సేపు నిలవలేదు. ప్రేమమ్మ గుమ్మంలోకొచ్చి, "అయ్యిందా మీ పరీక్ష? ఇకనైనా ఈ ఆదివారం వస్తావా?" అంది. వస్తానంది షీబా. వెళ్ళింది కూడా. పాటలు పాడుతున్నంతసేపూ వేళ్ళ మీద నైట్రిక్ యాసిడ్ పసుపు మరకలు చూసుకుంటూ కూర్చుంది.

అంతకు ముందురోజు, శనివారం, దుర్గారావు కొత్త ఏప్రన్ వేసుకొచ్చాడు. షీబా బీరువా తెరిచి సీసాలు చూపించింది. వరసకి పద్నాలుగు, మూడు వరసలు. అతను ఏ సీసా మూతా తియ్యలేదు. పేర్లు కనపడేటట్టు ఫోనులో ఫోటోలు తీసుకున్నాడు.

"అంతేనా ఆంటీ?"

"సీసాల సంగతి అంతే," అంది షీబా.

మధ్యాహ్నం ఈశ్వరప్రసాద్ సోమవారం పెట్టాల్సిన సాల్టుల చీటీ ఇచ్చాడు. ముప్పై మంది పిల్లలు, ఆరు సాల్టులు. మూడో నంబరు స్ట్రాన్షియం నైట్రేట్. షీబా చీటీ పట్టుకుని అక్కడే నిలబడింది.

"ఏంటి?"

"సార్, మూడో నంబరు సీసాలో ఉన్నది బేరియం. మీకు తెలుసు. అయిదో నంబరు పొటాషియం క్లోరైడ్ సీసాలో ఉన్నది వంటింటి ఉప్పు. అది కూడా మీకు తెలుసు. వచ్చే ఎగ్జామినరు ఎలాంటి వారో తెలీదు. పిల్లల మార్కులు పోతాయి."

"సీసా మీద ఏముంది?"

"స్ట్రాన్షియం."

"అయితే అది స్ట్రాన్షియమే," అన్నాడు ఈశ్వరప్రసాద్. "చూడు షీబా, డిగ్రీ వచ్చిందని తలకెక్కించుకోకు. నీకిచ్చిన పని పొట్లాలు కట్టడం. కట్టు. పిల్లలకి చెప్పే పని దుర్గారావు చూసుకుంటాడు."

పిల్లలకి చెప్పే పని కూడా పీకేశారు. ఆ వెధవ పని పోయినందుకు సంతోషించాలో, పంతొమ్మిదేళ్ళు చేసిన పనిలోంచి ఒక్క మాటతో తోసేసినందుకు ఏడవాలో ఆమెకి తెలియలేదు. ముప్పై పొట్లాలు కట్టింది. ఒక్కొక్క దాని మీదా నంబరు వేసింది. పేరు మాత్రం వెయ్యలేదు.

సోమవారం పొద్దున్న ప్యాసింజర్లో సాయిదుర్గ ఎదురు సీట్లో కూర్చుంది. గిలకలదిండి పిల్ల. వాళ్ళ నాన్నకి యేసుదాసే ఐసు వేస్తాడు. బియస్సీ చదువుతోంది.

"ఆంటీ, ఇవాళ సాల్టులు మీరు చెప్పరంటగా. కొత్త సారు చెప్తారంట."

"అంట."

"ఆయన సరిగా చెప్తారా?"

షీబా కిటికీలోంచి వరి మళ్ళ కేసి చూసింది. చెప్పకూడదు. చెబితే ఉన్న ఉద్యోగానికే ఎసరు. "బర్నరు వెలిగించడం వచ్చుగా నీకు," అంది చివరికి. "వెలిగించు. ఏ రంగు కనపడితే ఆ రంగు రాయి. ఎవరేం చెప్పినా."

ఎగ్జామినరు సరోజిని గారు బందరు నుంచి బస్సులో వచ్చింది. నూలు చీర, మెడలో తాడుకి వేలాడే కళ్ళజోడు. ఈశ్వరప్రసాద్ ఎదురెళ్ళి, "భోజనానికి బిరియానీ చెప్పాం మేడమ్," అన్నాడు. "నేను బాక్సు తెచ్చుకున్నానండి," అందావిడ. షీబాకి అక్కడే ఆశా భయమూ రెండూ పుట్టాయి.

పరీక్ష మొదలైంది. దుర్గారావు ఫోను చేతిలో దాచుకుని బల్లల మధ్య తిరిగాడు. ఒక్కొక్కరి దగ్గరా ఆగి, నంబరు చూసి, గొణిగి, ముందుకెళ్ళాడు. పిల్లలు హమ్మయ్య అనుకుని రాయడం మొదలుపెట్టారు. ముప్పై బర్నర్లలో వెలిగింది ఒక్కటి. కిటికీ పక్క బల్ల మీద సాయిదుర్గది. షీబా మూల సింకు దగ్గర టెస్ట్‌ట్యూబులు కడుగుతూ ఆ ఒక్క మంట కేసే చూస్తోంది.

గంటన్నర తర్వాత పేపర్లు టేబుల్ మీదికి చేరాయి. ఈశ్వరప్రసాద్, సరోజిని గారు పక్కపక్కన కూర్చుని దిద్దుతున్నారు. సాయిదుర్గ పేపరు మీద ఈశ్వరప్రసాద్ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టడం షీబాకి సింకు దగ్గర్నుంచే కనిపించింది. అదే సున్నా. అదే పెన్ను.

"ఆగండాగండి," అంది సరోజిని గారు. ఇంకో పేపరు పక్కన పెట్టుకుంది. "ఇద్దరిదీ మూడో నంబరే. ఈ అబ్బాయి ఎరుపు, స్ట్రాన్షియం అంటాడు. ఈ అమ్మాయి ఆకుపచ్చ, బేరియం అంటుంది. ఎవరిది తప్పు?"

"అమ్మాయిది మేడమ్. నా దగ్గర కీ ఉంది."

"కీ నాకూ ఇచ్చారు. మంట ఏమంటుందో చూద్దాం."

"టైమవుతుంది మేడమ్, భోజనం…"

ఆవిడ లేచింది. సాయిదుర్గ బల్ల దగ్గరికి వెళ్ళి, మిగిలిన పొడిలో యాసిడ్ చుక్క వేసి, కడ్డీతో తీసి మంటకి పట్టింది. ముప్పై మంది పిల్లలూ చూశారు. గుమ్మంలో ఉన్న బాబూరావు గారు చూశారు. ఈశ్వరప్రసాద్ ఒక్కడే చేతిలో కీ కాగితం చూస్తున్నాడు. మంట జామకాయ పచ్చగా లేచింది. ఆవిడ ఇంకో పిల్లవాడి పొట్లం తీసుకుంది. అయిదో నంబరు. లేత ఊదా రంగు రావాల్సిన మంట పసుప్పచ్చగా భగ్గుమంది.

"ఇది ఉప్పు," అంది సరోజిని గారు. "కూరలో వేసుకునే ఉప్పు. ల్యాబ్ అసిస్టెంటు ఎవరండీ ఇక్కడ?"

అందరూ దుర్గారావు వైపు చూశారు. అతను ఫోను జేబులో పెట్టుకున్నాడు. "నేను శనివారమే వచ్చానండి. ఆర్డరు కూడా ఇంకా ఇవ్వలేదు. సీసాలన్నీ ఆంటీ చూసుకుంటారు."

"అటెండరు మేడమ్," అన్నాడు ఈశ్వరప్రసాద్, సింకు వైపు చెయ్యి చూపించి. "ఆవిడే తారుమారు చేసింది. మొన్న ఒప్పుకుంది కూడా."

షీబా చేతులు తుడుచుకుని వచ్చి టేబుల్ ముందు నిలబడింది. భయం కంటే కోపం ఎక్కువుంది ఆమెకి, అది మంచిదైంది.

"పోసింది నేనేనండి. ఆరేళ్ళ కింద. పొయ్యమన్నారు, పోశాను. అప్పటికి నాకు రెండూ తెల్లపొడులే."

"ఇప్పుడు?"

"ఇప్పుడు తెలుసండి. శనివారం సార్‌కి చెప్పాను. అంతకుముందు గురువారం రాసి కూడా ఇచ్చాను. ల్యాబ్ అసిస్టెంటు పోస్టుకి టెస్టు పెట్టారు. సార్ ఇదే సాల్టు పెట్టారు. నేను బేరియం అని రాస్తే సున్నా చుట్టారు. ఆ పేపరు ప్రిన్సిపాల్ గారి దగ్గరుంది."

బాబూరావు గారికి దాక్కోడానికి చోటు లేకపోయింది. పేపరు తెప్పించారు. సరోజిని గారు కళ్ళజోడు పెట్టుకుని, ఆ రెండు పేజీలూ మొదటి నుంచి చివరిదాకా చదివింది. ఉంగరం పరీక్ష దగ్గర ఒకసారి ఆగి తలూపింది. ఎర్ర సున్నా దగ్గరికి వచ్చాక, "ఇది దిద్దింది ఎవరు?" అని అడిగింది. తేలు కుట్టిన దొంగలా ఈశ్వరప్రసాద్ కిటికీలోంచి బయటికి చూశాడు.

"సరే," అందావిడ పేపరు మడిచి. "పిల్లల తప్పు లేదు. ఏ సీసాలో నిజంగా ఏముందో ఇప్పుడు నాకు లిస్టు కావాలి. పేరు, హోదా, సంతకంతో. ల్యాబ్ అసిస్టెంటు స్థాయికి తగ్గితే చెల్లదు. దాన్ని బట్టి గంట టైమిచ్చి మళ్ళీ చేయిస్తా. లేదంటే పరీక్ష ఇక్కడే ఆపేసి, ఎందుకు ఆపానో యూనివర్సిటీకి రాస్తా. మీ ఇష్టం."

నలభై రెండు సీసాలు. దుర్గారావు, "నాకు తెలీదండి," అని రెండడుగులు వెనక్కి వేశాడు. ఈశ్వరప్రసాద్ ఒక తెల్లకాగితం, తన పెన్ను తీసి టేబుల్ అంచుకి జరిపాడు.

"రాయమ్మా షీబా," అన్నాడు.

పంతొమ్మిదేళ్ళలో ఆ నోట అమ్మా అన్న మాట రావడం అదే మొదటిసారి. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. షీబా పెన్ను తీసుకుంది. కాగితం పైన తేదీ వేసింది. ఎడమవైపు తన పేరు రాసింది. ఆగింది.

"హోదా ఏం రాయమంటారండి?"

సాయిదుర్గ బల్ల మీద బర్నరు సన్నగా బుస కొడుతోంది. ఈశ్వరప్రసాద్ ప్రిన్సిపాల్ వైపు చూశాడు, ప్రిన్సిపాల్ గడియారం వైపు చూశాడు, గడియారం దగ్గర కూడా జవాబు లేదు.

"ల్యాబ్ అసిస్టెంట్ అని రాసెయ్యమ్మా," అన్నాడు బాబూరావు గారు. "నేను చెప్తున్నాగా. మిగతాది కమిటీతో నేను మాట్లాడతా."

షీబా పెన్నుకి క్యాప్ పెట్టి కాగితం మీద అడ్డంగా పెట్టింది.

"రాతపూర్వకంగా ఇవ్వండి సార్," అంది.

ఈశ్వరప్రసాద్ మెడ దగ్గర ఎర్రబడింది. "బెదిరిస్తున్నావా?"

"లేదండి. మీరే నేర్పారు."

బాబూరావు గారు ఆఫీసు గదికి వెళ్ళారు. ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలూ షీబా ఖాళీగా కూర్చోలేదు. బల్లల మధ్యకి వెళ్ళి బర్నర్లు వెలిగించడం మొదలుపెట్టింది. ఒక కుర్రాడు భయంభయంగా, "ఆంటీ, నా సాల్టేంటి?" అన్నాడు. అలవాటు మరి. ఆమె అతని చేతికి కడ్డీ ఇచ్చి, మణికట్టు పట్టుకుని మంట అంచుకి తిప్పింది. "నన్నడుగుతావేంటి, దాన్నడుగు," అంది. కుర్రాడు మంట కేసి కళ్ళార్పకుండా చూశాడు.

ప్రిన్సిపాల్ కాలేజీ పేరున్న కాగితం పట్టుకొచ్చారు. రెండు లైన్లు టైపు చేసి ఉంది, కింద ఆయన సంతకం. షీబా కుర్చీ లాక్కుని కూర్చుని, దాన్ని టేబుల్ మీద పెట్టుకుని, వేలు కింద పెట్టుకుంటూ అక్షరం అక్షరం చదివింది. పేరు సరిగ్గా ఉంది. పోస్టు పేరు సరిగ్గా ఉంది. ఈ రోజు నుంచి అని ఉంది. సరోజిని గారు ఓపిగ్గా చూస్తోంది. పిల్లలు చూస్తున్నారు.

"సీలు వెయ్యలేదండి," అంది షీబా.

సీలు ఆఫీసు గదిలో ఉంది. వరండా చివర, మెట్లు దిగి, ఇంకో వరండా దాటి. ఈశ్వరప్రసాద్ అలవాటు కొద్దీ సింకు వైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు. దుర్గారావు ఎప్పుడు జారుకున్నాడో జారుకున్నాడు. బాబూరావు గారు గడియారం చూసి, తర్వాత ఈశ్వరప్రసాద్‌ని చూశారు.

కాలేజీకి ఉన్న ఒక్క అటెండరు టేబుల్ ముందు కూర్చుని ఉంది. సీలు తేవడానికి ఈశ్వరప్రసాదే వెళ్ళాడు.